మా శనివారం మీటప్ వీడియోలు ఎవరి ఛానెల్లో ఉండాలి?

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో ఈమధ్య ఇంజినీరింగ్ పిల్లలకి ఒక సలహా ఇచ్చారు. ఏదైనా సాఫ్ట్‌వేర్ టూల్ నేర్చుకోవాలంటే యూట్యూబ్‌లో కనబడిన ప్రతి కోచింగ్ వీడియో వెంటా పడొద్దు, ఆ టూల్‌ని తయారుచేసే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అధికారిక ఛానెల్‌కే వెళ్లండి, అక్కడున్నదే నమ్మండి అని. మంచి సలహానే, మా తమ్ముడికి నేను చెప్పేదీ అదే. కాకపోతే ఇందులో ఒక చిక్కుంది. మన పిల్లలకి బాగా పనికొచ్చే వీడియోలు చాలావరకు ఆ అధికారిక ఛానెళ్లలో లేవు. అవి ఇక్కడ బెంగళూరులో, శనివారం పూట ఎవరో దయతలచి ఇచ్చిన ఆఫీసు హాళ్లలో తీసినవి. తీసినవాళ్లు బాగానే తీశారు, చెప్పినవాళ్లు ఇంకా బాగా చెప్పారు, ఆ తర్వాత అవి ఎవరెవరి సొంత ఛానెళ్లలోనో, డ్రైవ్ ఫోల్డర్లలోనో, వాట్సాప్ గ్రూపుల్లో పాత మెసేజ్‌ల అడుగునో పడి ఉన్నాయి. వాటిని ప్రాజెక్టు అధికారిక ఛానెల్లో పెట్టాలన్నదే ఈ ఉత్తరంలో నా వాదన. విషయం కొంచెం పొడుగు, మీ ఉత్తరాల శీర్షికలో పట్టకపోతే కత్తిరించుకోండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కంప్యూటర్‌ని నడిపే లైనక్స్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, వీడియోలు చూసే వీఎల్‌సీ, ఆఫీసు పనులకి వాడే లిబ్రేఆఫీస్ ఇవన్నీ ఓపెన్ సోర్స్. కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు, బాగుచేసి పంపొచ్చు. ఇలాంటివి వాడేవాళ్లూ రాసేవాళ్లూ ఊళ్లో ఒకచోట కలిసి చెప్పుకునేదే మీటప్. ఈ ఊరికి ఇదేం కొత్త కాదు. 2001లో లైనక్స్ బెంగళూరు పేరుతో మొదలైన సభ తర్వాత ఫాస్ డాట్ ఇన్‌గా మారి 2012 దాకా నడిచింది, పైథాన్ భాషలో కోడ్ రాసేవాళ్ల సభ, మొదటి పైకాన్ ఇండియా, 2009లో ఇక్కడి ఐఐఎస్‌సీలోనే జరిగింది, ఇప్పుడు ఫాస్ యునైటెడ్ అనే సంస్థ వాళ్లు ఇండియాఫాస్ అనే సభ ఇక్కడే పెడుతున్నారు. చెన్నైలోనైతే లైనక్స్ వాడేవాళ్ల గ్రూపు తొంభైల చివరి నుంచీ నడుస్తోంది. పెద్ద సభలకి కెమెరా టీములుంటాయి, స్పాన్సర్లుంటారు, వాటి గురించి నాకు బెంగలేదు. నేను చెప్పేది నెలకోసారి ముప్పై నలభై మంది కూడే చిన్న మీటప్‌ల సంగతి.

నేను వెళ్లే గ్రూపు ఒక టెస్టింగ్ టూల్‌ది, అంటే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించే టూల్. ప్రాజెక్టు పేరు రాయను, ఎవరినీ బజారుకీడ్చాలని కాదు. బెళ్లందూరు వైపు ఒక కంపెనీ హాలు ఇస్తుంది. వచ్చేవాళ్లలో సగం మంది మనవాళ్లే, మారతహళ్లి నుంచీ కేఆర్ పురం నుంచీ వస్తారు. ప్రసంగాలు ఇంగ్లిష్‌లో నడుస్తాయి, టీ దగ్గర మాత్రం తెలుగు, కన్నడ, తమిళం, మలయాళం అన్నీ వినబడతాయి.

అక్కడ చెప్పే విషయాలు ఎలా ఉంటాయంటే, ఒక అమ్మాయి ఆస్పత్రి బిల్లింగ్ యాప్‌ని ఈ టూల్‌తో ఎలా పరీక్షిస్తున్నారో చూపించింది. రోగి పేరు తెలుగులో పడితే స్క్రీన్ మీద బాగానే ఉంటుంది, ప్రింటుకి వెళ్లే పీడీఎఫ్‌లో ఒత్తులు ఊడి పక్కన పడతాయి. టెస్ట్ మాత్రం పాస్ అయినట్టే పచ్చగా కనిపిస్తుంది, ఎందుకంటే అది అక్షరాల కోడ్‌ని సరిచూస్తుంది తప్ప కాగితం మీద ఏం వచ్చిందో చూడదు. దానికి ఆవిడ పీడీఎఫ్‌ని బొమ్మగా మార్చి, సరిగ్గా వచ్చిన పాత బొమ్మతో పోల్చే పద్ధతి పెట్టుకుంది. అలా పోల్చినప్పుడు ఫాంటు వెర్షన్ మారితే ప్రతి టెస్టూ ఎర్రబడుతుంది కదా అని వెనక నుంచి ఒకాయన అడిగితే, టెస్టు నడిచే మిషన్లో ఫాంటుని కూడా కోడ్‌తో పాటే కట్టిపడేయాలని చెప్పి, ఆ ఫైలు తెరిచి లైనుతో సహా చూపించింది. ఇది అధికారిక ఛానెల్లో ఎక్కడా లేదు. ఉండదు కూడా, యూరప్‌లోనో అమెరికాలోనో కూర్చున్న మెయింటెయినర్‌కి, అంటే ప్రాజెక్టు బాగోగులు చూసే మనిషికి, ఒత్తు ఊడిపోవడం అనే బాధ ఎప్పుడూ రాదు.

ఇదేదో చిన్న విషయం అనుకునేవాళ్లు 2018 ఫిబ్రవరి గుర్తుచేసుకోండి. ఎవరైనా మెసేజ్‌లో ‘జ్ఞా’ అని పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. అంత పెద్ద కంపెనీ, అంతమంది టెస్టర్లు, మన అక్షరం ఒక్కటి ఎవరి కంటా పడలేదు. ఆపిల్ వాళ్లు హడావుడిగా ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌కి ఐఓఎస్ 11.2.6 అనే కొత్త వెర్షన్ వదిలి సర్దుకున్నారు. బెంగళూరులో ఒక శనివారం ఇరవై నిమిషాలు మాట్లాడే మనిషి దగ్గర ఇలాంటివి బోలెడుంటాయి.

సరే, ఆ రోజు తీసిన వీడియో ఏమైంది? ముందు గ్రూపు నడిపే అతని సొంత ఛానెల్‌కి ఎక్కింది. చాలా కష్టపడే మనిషి, ఒక్క మాట అనడానికి లేదు. తర్వాత ఉద్యోగం మీద డాలస్ వెళ్లిపోయాడు. ఇప్పుడు అదే ఛానెల్లో మా మీటప్‌ల పక్కన వాళ్ల పాప అన్నప్రాసన, శృంగేరి ట్రిప్పు, మధ్యలో ఒక డ్రోన్ షాట్ ఉన్నాయి. ఆయన ఛానెల్ ఆయనిష్టం. కానీ అనంతపురంలో చదువుకునే కుర్రాడు ఈ టూల్ పేరు కొట్టి వెతికితే ఈ ఛానెల్ తగలదు, తగిలినా ఇదేదో ఎవరి ఇంటి వీడియోలో అనుకుని వెనక్కి పోతాడు, మీ పేపర్ సలహా పాటించేవాడైతే అసలు లోపలికే రాడు.

అంతకుముందు ఏడాది వీడియోల గతి ఇంకా ఘోరం. హాలు ఇచ్చిన కంపెనీలో పనిచేసే ఒకాయన తన ఆఫీసు అకౌంట్‌లోనే రికార్డ్ చేసి లింకు పంపేవాడు. ఆయన అక్కడ మానేశాడు, ఐటీ వాళ్లు అకౌంట్ తీసేశారు, దాంతో పాటు ఫైళ్లూ పోయాయి. ఇప్పుడు ఆ లింకులు నొక్కితే మీకు అనుమతి లేదు అని వస్తుంది. ఎవరి అనుమతి అడగాలో చెప్పే దిక్కు లేదు. అందరి ఉమ్మడి సొత్తుని ఇలా ఒకరి అకౌంట్‌లో ఉంచడం అంటే ఊరి సంఘం లెక్కల పుస్తకం ఒకరింటి బీరువాలో పెట్టుకోవడమే, ఆ మనిషి ఉన్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ ఉండదు.

ఇంకో సాంకేతిక చిక్కు కూడా ఉంది, ఇది చాలామందికి తెలియదు. యూట్యూబ్‌లో ఒక ఛానెల్లో పెట్టిన వీడియోని ఇంకో ఛానెల్‌కి బదిలీ చేసే వీలు లేదు. మళ్లీ అప్‌లోడ్ చేయాల్సిందే, అప్పటిదాకా చూసినవాళ్ల లెక్క, కింద కామెంట్లు అన్నీ పాత చోటే ఉండిపోతాయి. పోనీ పాత వీడియోని యూట్యూబ్ స్టూడియో నుంచి దింపుకుందామా అంటే పెద్ద సైజులో ఇవ్వదు, 720p నాణ్యత దగ్గర ఆపేస్తుంది, కమాండ్లు కొట్టే టెర్మినల్ తెర మీది చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. కాబట్టి ముందు మన దగ్గర పెట్టుకుందాం, తర్వాత ఎప్పుడైనా అధికారిక ఛానెల్‌కి పంపిద్దాం అనే మాట నడవదు. మొదటి రోజే తేల్చుకోవాలి.

ఇవన్నీ రాసి మేం ప్రాజెక్టు వాళ్లని అడిగాం. వాళ్ల జవాబు మర్యాదగానే వచ్చింది. కమ్యూనిటీ వీడియోలు అధికారిక ఛానెల్లో పెట్టం, మీ ఛానెల్లో పెట్టుకోండి, లింకు పంపితే మా సోషల్ మీడియాలో పంచుతాం అని. కారణాలు కూడా ఇచ్చారు. మా ఛానెల్లో ఉన్నది మా మాటగా జనం తీసుకుంటారు, సౌండు బాగుండదు, చూసి సరే అనడానికి మనుషుల్లేరు, సబ్‌స్క్రైబర్లకి నోటిఫికేషన్లు ఎక్కువైపోతాయి, ఇంకో భాషలో ఉంటే గందరగోళం.

ఇందులో మొదటిది గట్టి కారణం, దాన్ని తేలిగ్గా తీసేయను. మీటప్‌లో ఎవరో వచ్చి పాత వెర్షన్ మీద తప్పు పద్ధతి చెబితే, అది ప్రాజెక్టు లోగో కింద కనిపిస్తే, రేపు కంపెనీలో ఎవడో దాన్నే పట్టుకుని వాదిస్తాడు. ఇంకొందరు ప్రసంగం పేరుతో వచ్చి పది నిమిషాల తర్వాత తమ కంపెనీ సరుకు అమ్మడం మొదలుపెడతారు, ఇది మాకు అనుభవమే. కానీ దీనికి మందు కూడా చిన్నదే. మొదటి ఐదు సెకన్లలో ఒక కార్డు వేయాలి, ఇది ఫలానా నెల బెంగళూరు మీటప్‌లో ఫలానావారి ప్రసంగం, ఫలానా వెర్షన్ మీద, అభిప్రాయాలు మాట్లాడినవారివి అని. దీనికి ప్రత్యేకంగా ఒక ప్లేలిస్ట్ ఉంటుంది. చూసేవాడు మరీ అంత తెలివితక్కువవాడు కాదు.

నోటిఫికేషన్ల మాటైతే నాకు నవ్వొచ్చింది. అప్‌లోడ్ చేసేటప్పుడే సబ్‌స్క్రైబర్లకి తెలియజేయాలా అని ఒక టిక్ ఉంటుంది, అది తీసేస్తే సరిపోతుంది. ఛానెల్ నడిపేవాళ్లకి ఇది తెలియదంటే నేను నమ్మను.

మనుషుల్లేరన్నది నిజమే, కానీ వేరేవాళ్లు దాన్ని ఎలా దాటారో చూడాలి. వెబ్‌సైట్లు కట్టే ఓపెన్ సోర్స్ టూల్ వర్డ్‌ప్రెస్ వాళ్లకి 2009 నుంచీ వర్డ్‌ప్రెస్ డాట్ టీవీ అని సొంత వీడియో సైటు ఉంది. వర్డ్‌క్యాంప్‌లనే వాళ్ల పెద్ద సభలవే కాదు, చిన్న ఊళ్ల మీటప్ వీడియోలు కూడా ఎవరైనా పంపొచ్చు, వాలంటీర్లు చూసి పెడతారు, సబ్‌టైటిళ్లు కూడా జనమే రాసి పంపొచ్చు. బ్రస్సెల్స్‌లో ఏటా జరిగే ఓపెన్ సోర్స్ సభ ఫాస్‌డెమ్‌లో రెండు రోజుల్లో వందల ప్రసంగాలు రికార్డవుతాయి, అన్నిటినీ కూర్చుని కత్తిరించే ఓపిక ఏ టీముకీ ఉండదు, అందుకని వాళ్లు ఎస్‌రివ్యూ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు. మాట్లాడినవాళ్లకే ఒక లింకు వెళుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఏ మైకు శబ్దం తీసుకోవాలి అన్నది వాళ్లే చూసి సరే అంటారు, మిగతాది మిషన్ చేసుకుంటుంది. లైనక్స్‌లో ఒక రకమైన డెబియన్‌ని తయారుచేసేవాళ్లు ఇంకో అడుగు ముందే ఉన్నారు, 2023లో మన పక్కనే కొచ్చిలో జరిగిన డెబ్‌కాన్ఫ్ లాంటి పెద్ద సభతో పాటు మినీడెబ్‌కాన్ఫ్‌లనే చిన్న సభల రికార్డింగులు కూడా సొంత ఆర్కైవ్‌లో ఏడాదివారీగా పెట్టుకుంటారు. వీళ్లందరూ వాలంటీర్ల మీద ఆధారపడి నడిపిస్తున్నదే ఇదంతా. పని భారం మాట్లాడినవాళ్ల మీదికీ, మీటప్ నడిపేవాళ్ల మీదికీ తోసేస్తే మెయింటెయినర్‌కి మిగిలేది ఒక్క బటన్ నొక్కడం.

అయితే ఆ బటన్ మాకే ఇచ్చేయండి అని మా గ్రూపులో కొందరు వాదించారు. నేను దీనికి ఒప్పుకోను. 2024 సెప్టెంబర్‌లో మన సుప్రీంకోర్టు యూట్యూబ్ ఛానెల్‌నే ఎవరో హ్యాక్ చేసి క్రిప్టో వీడియోలు నడిపారు. అదే ఏడాది మార్చిలో ఎక్స్‌జెడ్ అనే లైనక్స్ కంప్రెషన్ లైబ్రరీలో దొంగదారి బయటపడింది. రెండేళ్లకు పైగా మంచివాడిలా పనిచేసి, ఒంటరిగా అలిసిపోయిన మెయింటెయినర్ దగ్గర నమ్మకం సంపాదించి, అధికారం చేతికొచ్చాక ఆ పని చేశాడు ఎవడో. ఆ రెండూ చూసినవాళ్లు ముక్కూమొహం తెలియని బెంగళూరు గ్రూపుకి తాళం ఇవ్వకపోవడంలో తప్పేముంది? తాళం అక్కర్లేదు కూడా. యూట్యూబ్‌లో పాస్‌వర్డ్ చెప్పకుండానే ఒక్కొక్కరికి ఒక్కో స్థాయి అధికారం ఇవ్వొచ్చు, మేనేజరు, ఎడిటరు, సబ్‌టైటిళ్లు మాత్రమే రాసేవాళ్లు ఇలా. మాకైతే అది కూడా వద్దు. ఫైలు, టైటిల్, వివరణ, మాట్లాడినవారి సమ్మతి పత్రం ఒక ఫోల్డర్లో పెట్టి పంపిస్తాం, నెలకోసారి వాళ్లలో ఒకరు ఎక్కిస్తే చాలు.

అదీ కుదరదంటే చివరి మెట్టు ఒకటుంది. ఎవరి ఛానెల్లో వీడియోలనైనా సరే తమ ప్లేలిస్ట్‌లో చేర్చుకోవచ్చు. అధికారిక ఛానెల్ పేజీలో ‘ఊరూరి మీటప్‌లు’ అని ఒక ప్లేలిస్ట్ తెరిచి బెంగళూరు, చెన్నై, నైరోబీ ఎక్కడివైనా అందులో వేస్తే ఖర్చు లేదు, నచ్చకపోతే తీసేయడానికి ఒక్క నిమిషం. ఇందాక చెప్పిన అన్నప్రాసన ఛానెల్ సమస్య దీనితో పూర్తిగా తీరదు, ఆయన రేపు ఛానెల్ మూసేస్తే వీడియోలు పోతాయి. కనీసం వెతికేవాడికి దొరుకుతాయి. సోషల్ మీడియాలో పంచుతాం అన్నారు చూడండి, అది మాత్రం దండగ. రెండు రోజుల్లో ఆ పోస్టు ఎక్కడికి పోతుందో పెట్టినవాళ్లకే తెలియదు.

ఇక మనవైపు లోపాలు కూడా చెప్పాలి, లేకపోతే ప్రాజెక్టు వాళ్ల మీద పడి ఏడ్చినట్టుంటుంది. మన మీటప్ వీడియోల్లో సగం వినబడవు. బొమ్మ ఎలా ఉన్నా చూస్తారు, శబ్దం బాగాలేకపోతే రెండో నిమిషానికి పోతారు. వెనక బెంచీలో ఫోన్ పెట్టి తీస్తే వచ్చేది ఏసీ రొద, ఎవరో చిప్స్ ప్యాకెట్ చించిన చప్పుడు. మాట్లాడేవాళ్ల చొక్కాకి ఒక కాలర్ మైకు పెట్టి, దాన్ని వాళ్ల ల్యాప్‌టాప్‌కే తగిలించి, ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్క్రీన్‌నీ మైకునీ నేరుగా రికార్డ్ చేస్తే పని అయిపోతుంది. ఓబీఎస్ ఉచితం, అదీ ఓపెన్ సోర్సే. ప్రొజెక్టర్ తెరని కెమెరాతో తీయొద్దు, కోడ్ మసకగా వస్తుంది. ఫోన్ కెమెరా మనిషి మొహం కోసం ఉంటే ఉండనివ్వండి, లేకపోయినా నష్టం లేదు.

అన్నిటికంటే ముఖ్యం, ప్రశ్నలు. హాల్లోంచి అడిగేవాళ్లకి మైకు ఉండదు, వీడియోలో అరనిమిషం నిశ్శబ్దం, తర్వాత “అవునండీ, అది కూడా చేయొచ్చు” అని జవాబు. ఏది చేయొచ్చు? ఎవడికి తెలుసు. జవాబు చెప్పే ముందు ప్రశ్నని ఒకసారి మైకులో తిరిగి చెప్పండి అని మేం ఇప్పుడు ల్యాప్‌టాప్ మీద చీటీ అంటిస్తున్నాం. చీటీ చూసి కూడా మర్చిపోతారు, అప్పుడు ముందు వరసలోంచి ఎవరో ఒకరు చెయ్యి ఊపాలి.

సమ్మతి సంగతి ఇంకా సున్నితం. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని లోతుపాతులు లాయర్లు చూసుకుంటారు, చట్టం లేకపోయినా అడిగి పెట్టడం మర్యాద. అడిగేది ప్రసంగం తర్వాత, టీ చేతిలో పెట్టుకుని కాదు, పేరు ఇచ్చిన రోజే అడగాలి. ఏ లైసెన్స్ కింద పెడుతున్నాం, ఎక్కడ పెడుతున్నాం, వద్దనుకుంటే ఎవరికి రాయాలి. కొందరికి ఆఫీసు నుంచి అనుమతి కావాలి, స్లైడ్లో క్లయింటు పేరు ఉండిపోతే ఉద్యోగానికే ఎసరు. ప్రేక్షకులు కెమెరాలో పడకూడదు, ముందు వరస వదిలేసి కూర్చునేవాళ్లలో చాలామంది దీనికే భయపడతారు. ఆడపిల్లలు మాట్లాడిన వీడియోల కింద వచ్చే కామెంట్లు మీకు తెలియనివి కావు, ఆ ఒత్తుల ప్రసంగం చేసిన అమ్మాయికి వచ్చినవాటిలో సగం ఆమె చీర గురించే. సొంత ఛానెల్లో వాటిని చూసి తీసేవాళ్లు లేరు. అధికారిక ఛానెల్‌కి ప్రవర్తనా నియమావళి ఉంటుంది, కామెంట్లు ఆపి ఉంచి చూసి వదిలే ఏర్పాటు ఉంటుంది, నాకు తెలిసి ఇదొక్కటి చాలు వీడియోలు అక్కడ ఉండాలి అనడానికి.

ఆ అమ్మాయి మన సీమ అమ్మాయే, పెద్ద పేరున్న కాలేజీ కాదు. ఉద్యోగం మారేటప్పుడు రెజ్యూమెలో ఆ ప్రసంగం లింకు పెట్టింది. ఇంటర్వ్యూలో ఇది ఎవరి ఛానెల్ అని అడిగారట. ప్రాజెక్టుదే అని చెప్పుకోగలిగి ఉంటే ఆ ప్రశ్న వచ్చేదే కాదు. ఐఐటీ వాళ్లకి ఇలాంటి ముద్రలు అక్కర్లేదు, వాళ్లకి వేరే ముద్ర ఉంది. మనవాళ్లలో మిగతా అందరికీ అక్కరే.

భాష విషయంలో మా గ్రూపులోనే రెండు వర్గాలు. కొత్తగా చేరిన ఇంటర్న్‌ల కోసం ఒకసారి మొదటి పాఠం తెలుగులో చెప్పించాం, ఇన్‌స్టాల్ చేయడం దగ్గర్నుంచి మొదటి టెస్టు నడపడం దాకా. మా వీడియోల్లో జనం ఎక్కువగా చూసింది అదే. అధికారిక ఛానెల్లో ఇంగ్లిష్ తప్ప వేరే భాష ఉంటే గందరగోళం అని ప్రాజెక్టు వాళ్లన్నదానికి మావాళ్లలో కొందరు తలూపారు, కన్నడ ఊళ్లో తెలుగు వీడియో ఏంటని ఇంకొకరన్నారు. రెండూ నాకు అర్థం కాలేదు. కన్నడలో చెప్పేవాళ్లుంటే అది ముందు పెట్టాలి, అంతే గాని తెలుగుది తీసేయడం ఎందుకు? భాషకో ప్లేలిస్ట్ పెట్టి, టైటిల్లో మొదటే భాష పేరు రాసి, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు వేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. సబ్‌టైటిళ్లు ఇప్పుడు మొదటి చిత్తు మిషనే రాసిపెడుతుంది. 2022లో ఓపెన్‌ఏఐ వాళ్లు మాటల్ని రాతగా మార్చే విస్పర్‌ని ఓపెన్ సోర్స్‌గా వదిలారు, మన ఐఐటీ మద్రాస్‌లో ఏఐ4భారత్ వాళ్లు భారతీయ భాషల కోసమే మోడళ్లు తయారుచేసి ఉచితంగా పెట్టారు. ఇంగ్లిష్ మాటలు కలిపి మాట్లాడే మన తెలుగు దగ్గర మాత్రం తడబడతాయి. ‘కమిట్ చేయండి’ (మార్చిన కోడ్‌ని భద్రపరచండి) అంటే ‘కమిటీ చేయండి’ అని రాసింది మా వీడియోకి. మనిషి కూర్చుని దిద్దాల్సిందే, అయినా మొత్తం చేత్తో కొట్టడం కంటే నయం.

అధికారిక ఛానెల్ ఉంది కదా అని దాని మీదే ప్రాణాలు పెట్టుకోమని కూడా నేను చెప్పను. 2018లో త్రీడీ బొమ్మలు చేసే ఓపెన్ సోర్స్ టూల్ బ్లెండర్ వాళ్ల అధికారిక ఛానెల్ వీడియోలే ప్రపంచమంతా కొన్నాళ్లు ఆగిపోయాయి. వీడియోల మీద ప్రకటనలు వేయడం వాళ్లకి ఇష్టం లేదు, యూట్యూబ్ ఏదో ఒప్పందం మీద సంతకం పెట్టమంది, గొడవ అయింది. ఆ దెబ్బతో వాళ్లు పీర్‌ట్యూబ్ అనే ఓపెన్ సోర్స్ వీడియో సర్వర్ సొంతంగా పెట్టుకున్నారు, ఇప్పటికీ ఉంది. మన చిన్న గ్రూపులకి సర్వర్ నడిపే స్థోమత లేదు, కానీ అసలు ఫైలు ఒక కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత భాండాగారం సైట్లో వేయడానికి రూపాయి ఖర్చు లేదు, మాట్లాడినవాళ్ల దగ్గర క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (ఇతరులు పంచుకోవచ్చనే అనుమతి) ముందే తీసుకుని ఉంటే ఎవరూ అడ్డుచెప్పరు కూడా. మా గ్రూపులో ఇప్పుడు ఒరిజినల్స్ రెండు చోట్ల పెడుతున్నాం, హార్డ్‌డిస్క్ మాత్రం ఇంకా ఒకరింట్లోనే ఉంది, దాని గురించి మొన్న చిన్న గొడవ కూడా అయింది.

బ్యాక్‌గ్రౌండ్‌లో సినిమా పాట వేసి మొదలుపెట్టే అలవాటు దయచేసి మానండి. కాపీరైట్ పట్టుకుంటుంది, అధికారిక ఛానెల్ మీద మచ్చ పడుతుంది, తర్వాత ఇంకెవరి వీడియో తీసుకోరు. ఇది మీటప్‌లు నడిపే తమ్ముళ్లకి.

ప్రాజెక్టు వాళ్లకి మళ్లీ రాస్తున్నాం. ఈసారి మాటలతో కాకుండా మూడు ప్రసంగాలు పూర్తిగా సిద్ధంచేసి, కార్డు వేసి, సబ్‌టైటిళ్లు దిద్ది, సమ్మతి పత్రాలతో సహా పంపుతున్నాం, అందులో ఒకటి తెలుగుది. వద్దంటే ప్లేలిస్ట్ అడుగుతాం. ఇలాంటి గ్రూపుల్లో ఉన్న తెలుగువాళ్లు బెంగళూరులో, చెన్నైలో, హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు, మీ ప్రాజెక్టు వాళ్లని మీరూ అడగండి, ఒక్క ఊరి నుంచి వచ్చే మెయిల్ పక్కన పెడతారేమో గాని నాలుగైదు ఊళ్ల నుంచి వస్తే మీటింగ్‌లో చర్చకి పెట్టక తప్పదు.

మీ పేపర్‌కి కూడా ఒక చిన్న కోరిక. విద్యా పేజీలో అధికారిక ఛానెళ్ల జాబితా వేసేటప్పుడు పక్కనే ఈ నెల ఏ ఊళ్లో ఏ మీటప్ ఉందో రెండు లైన్లు వేయండి, ప్రవేశం దాదాపు అన్నిటికీ ఉచితమే. వీలైతే ఆ పేజీ రాసేవారిని వచ్చే శనివారం మా మీటప్‌కి పంపండి. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు తెచ్చుకోమనండి, ల్యాప్‌టాప్ ఉంటే దాని సీరియల్ నంబరు కూడా రాసుకుని రమ్మనండి, అవి లేకపోతే గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన సంపాదకులు వచ్చినా పైకి పంపడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు